నకిలీ ఖాతాను నడకే పట్టిస్తుంది: సోషల్ మీడియా నిఘా ఎలా పనిచేస్తుంది, ఎక్కడ పొరబడుతుంది

క్లుప్తంగా: సోషల్ మీడియా సంస్థలు దొంగ ఖాతాలను ఎక్కువగా వాటి ప్రవర్తనను బట్టే పట్టుకుంటాయి. ఎంత వేగంగా రిక్వెస్టులు పంపుతున్నాయి, ఎవరికి పంపుతున్నాయి, ఇంకే ఖాతాలతో కలిసి కదులుతున్నాయి అన్నవే ప్రధాన ఆధారాలు. అయితే మామూలుకు భిన్నంగా ఉన్నదంతా మోసం కాదు. గల్ఫ్ వలసలు, జాతరలు, హాస్టళ్లు, మార్కెట్ యార్డులు ఉన్న ఉత్తర తెలంగాణలో ఈ తేడా మరీ ముఖ్యం.

తెలిసినవాళ్ల పేరు, ఫొటోతో కొత్త ఫేస్‌బుక్ ఖాతా నుంచి ఫ్రెండ్ రిక్వెస్ట్ వస్తుంది. ఒప్పుకున్న కాసేపటికే ఆస్పత్రి ఖర్చులకు డబ్బులు కావాలని మెసేజ్ వస్తుంది. వరంగల్, కరీంనగర్, నిజామాబాద్ వైపు ఇది ఇప్పుడు కొత్త సంగతి కాదు. వాట్సాప్ గ్రూపుల్లో ట్రాఫిక్ చలానా, పీఎం కిసాన్, పెళ్లి శుభలేఖ పేర్లతో ఏపీకే ఫైళ్లు (నొక్కితే ఫోన్‌లో యాప్‌గా ఇన్‌స్టాల్ అయ్యేవి) తిరుగుతున్నాయి. ఇంకోపక్క ఏ తప్పూ చేయని మనిషి ఖాతా ఉన్నట్టుండి లాక్ అవుతుంది. దొంగ ఖాతాను వదిలేసి నా ఖాతాను ఎందుకు ఆపారని ఆ మనిషి అడిగితే తప్పు పట్టలేం. జవాబు కావాలంటే ఆ నిఘా కంటికి ఏం ఆనుతుందో, ఏం ఆనదో తెలియాలి.

## దొంగ ఖాతా తొలి గంట

ఉదాహరణకు హనుమకొండలో ఒక టీచర్‌కు ఫేస్‌బుక్‌లో 1,400 మంది ఫ్రెండ్స్ ఉన్నారనుకుందాం. ఆ జాబితా ఎవరికైనా కనిపించేలా ఉంది. మోసగాడు ఆయన డీపీ, కవర్ ఫొటో దించుకుని అదే పేరుతో ఖాతా తెరుస్తాడు. ఆ వెంటనే అసలు టీచర్‌ను బ్లాక్ చేస్తాడు. దాంతో ఆయన ఎంత వెతికినా తన పేరుతో ఉన్న ఈ ఖాతా ఆయనకు కనిపించదు. తర్వాత ఫ్రెండ్స్ జాబితా ముందు పెట్టుకుని వరసగా రిక్వెస్టులు కొడతాడు. ఒప్పుకున్న ప్రతి ఒక్కరికీ ఒకే పలకరింపు పంపుతాడు. బదులిచ్చినవాళ్లను మాత్రమే డబ్బులు అడుగుతాడు. అనుమానం వచ్చి ఎదురు ప్రశ్న వేసినవాళ్లను బ్లాక్ చేస్తాడు.

నకిలీ ఖాతాలను పట్టడానికి ఎక్కువగా వాడే పాత కొలత ఇక్కడ పనిచేయదు. పంపిన రిక్వెస్టుల్లో ఎన్నింటిని అవతలివాళ్లు ఒప్పుకున్నారన్నదే ఆ కొలత. చైనాలోని రెన్‌రెన్ నెట్‌వర్క్ మీద 2011లో వెలువడిన అధ్యయనంలో మామూలు ఖాతాలు పంపిన రిక్వెస్టుల్లో సగటున 79 శాతాన్ని అవతలివాళ్లు ఒప్పుకున్నారు. నకిలీ ఖాతాల విషయంలో అది 26 శాతమే. ముక్కూమొహం తెలియని మనిషి రిక్వెస్టును ఎక్కువమంది పక్కన పెట్టేస్తారు కాబట్టి అక్కడ ఆ తేడా అక్కరకొచ్చింది. కానీ టీచర్ పేరుతో వచ్చిన రిక్వెస్టును పాత శిష్యులు, చుట్టాలు 'సార్ కొత్త అకౌంట్ తెరిచిండేమో' అనుకుని ఒప్పేసుకుంటారు. ఒప్పుదల శాతం నిజమైన మనిషి స్థాయిలోనే ఉంటుంది. కాపీ ఖాతాలు అంత తేలికగా జారిపోవడానికి మూల కారణం ఇదే.

ఇలాంటి ఖాతాను పట్టించేవి వేరే గుర్తులు. మొదటిది ఫొటో. బొమ్మను 8 అడ్డం, 8 నిలువు చుక్కలకు కుదించి, వెలుగునీడల తేడాను 64 బిట్ల ముద్రగా మారుస్తారు. ఫొటోను కాస్త కత్తిరించినా, సైజు తగ్గించి మళ్లీ పెట్టినా ఆ ముద్రలో కొన్ని బిట్లే మారతాయి. రెండు ముద్రల మధ్య తేడా అతి తక్కువగా ఉంటే బొమ్మ ఒకటే అని లెక్క. అయితే సినిమా హీరో ఫొటో, దేవుడి పటం లక్షల మంది పెట్టుకుంటారు కాబట్టి ఫొటో ఒక్కటే రుజువు కాదు. రెండో గుర్తు చాలా గట్టిది. కొత్త ఖాతా తొలి 60 రిక్వెస్టులు పంపితే అందులో 58 ఒకే పాత ఖాతా ఫ్రెండ్స్ జాబితాలోని వాళ్లకే వెళ్లాయనుకోండి. నిజమైన మనిషి కొత్త ఖాతా తెరిచినా ఇంట్లోవాళ్లు, ఆఫీసువాళ్లు, చదువుకున్నవాళ్లు ఇలా కలగలిసి ఉంటారు. పాత జాబితాను పైనుంచి కిందికి అదే వరసలో దించడు. మూడోది బ్లాక్. పేరు, మొహం ఒకటే అయిన పాత ఖాతాను కొత్త ఖాతా పుట్టిన నిమిషాల్లోనే బ్లాక్ చేస్తే అనుమానించాల్సిందే. పాస్‌వర్డ్ మరిచిపోయి మళ్లీ ఖాతా తెరిచిన మనిషి అలా చేయడు. ఈ మూడూ కలిసినప్పుడు డబ్బులు అడిగే మెసేజ్ వచ్చేదాకా ఆగాల్సిన పని లేదు.

## మనిషి వేళలు, మిషన్ వేళలు

రెండు పనుల మధ్య పట్టే సమయం మరో కీలక కొలత. మనిషి నాలుగు లైకులు గబగబా కొట్టి, టీ తాగడానికి లేచి, గంట తర్వాత మళ్లీ వస్తాడు. ఆ వ్యవధుల ప్రామాణిక విచలనాన్ని (అవి సగటు నుంచి ఎంత అటూఇటూ పోతాయన్న కొలతను) సగటుతో భాగిస్తే మనిషి విషయంలో సాధారణంగా 1 దాటుతుంది. ప్రతి 30 సెకన్లకు ఒకసారి పనిచేసే సాఫ్ట్‌వేర్ విషయంలో అది సున్నాకు దగ్గరగా ఉంటుంది. ఇది తెలిసిన మోసగాళ్లు వ్యవధులను కావాలని అటూఇటూ చేస్తారు. అలా చేసినా రోజువారీ తీరు దొరికిపోతుంది. నిద్రపోని ఖాతా, తిండి వేళ ఆగని ఖాతా, పండగనాడు కూడా అదే లెక్కన నడిచే ఖాతా ఎంత కలగాపులగం చేసినా విడిగా కనబడుతుంది.

నిజమైన ఖాతా దొంగ చేతికి చిక్కినప్పుడు పని మరింత కష్టం. ఆ ఖాతాకు ఏళ్ల చరిత్ర ఉంది, నిజమైన స్నేహాలున్నాయి. అందుకే దాన్ని ఊరందరితో కాక దాని గతంతోనే పోల్చాలి. 2013లో వచ్చిన 'కాంపా' అనే పద్ధతి ఈ దారిలోదే. రోజులో ఏ వేళ రాస్తారు, ఏ యాప్ నుంచి రాస్తారు, ఏ భాషలో రాస్తారు, ఎలాంటి లింకులు పెడతారు, ఎవరితో మాట్లాడతారు అన్న అలవాట్లను నమోదు చేసి, కొత్త మెసేజ్ వాటికి ఎంత దూరంగా ఉందో చూస్తుంది. ఆ పద్ధతిలో మెచ్చుకోవాల్సిన జాగ్రత్త ఒకటుంది. ఒక్క ఖాతా అలవాటు తప్పితే వెంటనే అనుమానించదు. ఒకే రకం మెసేజ్ పంపిన ఖాతాల గుంపులో చాలావరకు ఒకేసారి అలవాటు తప్పితేనే దాడి అంటుంది. ఒక మనిషి ఫోన్ మార్చడం మామూలే, ఒకరికొకరు తెలియని 50 మంది ఒకే రోజు అలవాట్లు మార్చుకుని ఒకే లింకు పెట్టడం మామూలు కాదు.

## తూము దగ్గరి లెక్క

కొన్ని పద్ధతులు ఖాతా పనులను వదిలేసి, ఆ ఖాతా ఎవరెవరితో ముడిపడి ఉందో మాత్రమే చూస్తాయి. 2012లో వచ్చిన సిబిల్‌ర్యాంక్ పద్ధతిని చెరువు తూముతో పోల్చుకోవచ్చు. నిజమైనవని మనుషులు సరిచూసిన కొన్ని ఖాతాల దగ్గర 'నమ్మకం' అనే నీటిని వదులుతారు. అది స్నేహాల కాలువల వెంట పారుతుంది. నిజమైన మనుషుల మధ్య కాలువలు దట్టంగా ఉంటాయి కాబట్టి నీరు త్వరగా అంతటా చేరుతుంది. నకిలీ గుంపు ఎంత పెద్దదైనా నిజమైనవాళ్లతో దానికున్న కాలువలు కొన్నే. కొద్ది అడుగుల తర్వాత తూము మూసేస్తే అవతలి మళ్లకు తడి అంతంతమాత్రమే.

స్పెయిన్‌లోని టుయెంటీ నెట్‌వర్క్‌లో దీన్ని ప్రయోగించినప్పుడు నమ్మకం అతి తక్కువగా చేరి అట్టడుగున తేలిన 2 లక్షల ఖాతాల్లో దాదాపు 90 శాతం నిజంగానే తీసేయదగినవని తేలింది. అదే నెట్‌వర్క్‌లో అప్పటిదాకా యూజర్ల ఫిర్యాదుల మీద ఆధారపడి పరిశీలించిన ఖాతాల్లో నకిలీవి సుమారు 5 శాతమే. అయితే నకిలీ ఖాతాలు తమలో తాము గుంపు కడతాయన్న ఊహ మీదే ఈ పద్ధతి నిలబడి ఉంది. పైన చెప్పిన రెన్‌రెన్ అధ్యయనంలో ఎక్కువ నకిలీ ఖాతాలకు మరో నకిలీ ఖాతాతో స్నేహమే లేదు. అవి నేరుగా నిజమైన మనుషుల మధ్యకే చొరబడ్డాయి. టీచర్ పేరుతో తెరిచిన కాపీ ఖాతా కూడా ఇలాంటిదే. దాని కాలువలన్నీ మంచి చెరువులోకే ఉంటాయి. ఒక పద్ధతిని నమ్ముకుని మిగతావి వదిలేస్తే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే వేరే ఉదాహరణ అక్కర్లేదు.

## కలిసి కదిలే ఖాతాలు

లైకులు, ఫాలోవర్లు అమ్మే వ్యాపారం వేరు. అక్కడ ఒక్కో ఖాతా విడిగా బుద్ధిగానే ఉంటుంది. తేడా గుంపులోనే తెలుస్తుంది. రెండు ఖాతాలు చెరో 50 పేజీలకు లైక్ కొట్టాయి, వాటిలో 40 ఉమ్మడి అనుకుందాం. మొత్తం వేర్వేరు పేజీలు 60. ఉమ్మడివి 40ని 60తో భాగిస్తే పోలిక 0.67. ఒకే కాలేజీలో చదివే ఇద్దరు స్నేహితులకు కూడా పోలిక కొంత ఉంటుంది. కానీ ఆ 40 లైకులూ ఇద్దరూ కొద్ది నిమిషాల తేడాతో, ఒకే వరసలో కొట్టరు. పేజీతో పాటు సమయాన్ని కూడా కలిపి పోల్చడమే అసలు కిటుకు. ఫేస్‌బుక్ 2013లో కాపీక్యాచ్, 2014లో సింక్రోట్రాప్ పేర్లతో ఈ పద్ధతులను ప్రకటించింది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో ఒక్క నెలలోనే 20 లక్షలకు పైగా దుష్ట ఖాతాలను, 1,156 పెద్ద దాడులను సింక్రోట్రాప్ బయటపెట్టింది. మోసగాడి జేబుకు చిల్లు పెట్టే పద్ధతి ఇది. వెయ్యి ఖాతాలను విడివిడిగా, వేర్వేరు వేళల్లో నడపాలంటే ఫోన్లు, సిమ్‌లు, మనుషులు కావాలి. అప్పుడు లైకులమ్మినా గిట్టుబాటు కాదు.

## వాట్సాప్‌లో మాట కనపడదు

వాట్సాప్‌లో సందేశం పంపినవాళ్లకు, అందుకున్నవాళ్లకు తప్ప మధ్యలో ఎవరికీ కనపడదు. కాబట్టి అక్కడ నిఘా ఎక్కువగా ప్రవర్తన మీదే. 2019లో ఆ సంస్థ తన పద్ధతులు వివరిస్తూ నెలకు 20 లక్షలకు పైగా ఖాతాలను తీసేస్తున్నట్టు చెప్పింది. వాటిలో 75 శాతానికి పైగా ఎవరూ ఇటీవల ఫిర్యాదు చేయకుండానే దొరికినవి, సుమారు 20 శాతం రిజిస్ట్రేషన్ దగ్గరే ఆగినవి. రిజిస్టర్ చేసిన ఐదు నిమిషాలకే 15 సెకన్లలో 100 మెసేజ్‌లు పంపబోయిన ఖాతా దుర్వినియోగానికి దిగినట్టేనని అది ఇచ్చిన ఉదాహరణ. 'టైప్ చేస్తున్నారు' అన్న గుర్తు ఒక్కసారీ రాకుండా మెసేజ్‌లు వెళ్తుంటే అదీ ఒక ఆనవాలే.

ఫార్వర్డ్‌ల కట్టడి మరో పద్ధతి. 2018 జులైలో భారత్‌లో ఒక మెసేజ్‌ను ఒకసారికి 5 చాట్‌లకే పంపేలా పరిమితి పెట్టారు. అప్పటికే చాలా చేతులు మారిన మెసేజ్‌ను ఒకసారికి ఒక్క చాట్‌కే పంపేలా 2020 ఏప్రిల్‌లో ఇంకా బిగించారు. ఇందుకోసం సందేశం చదవాల్సిన పని లేదు. ఎన్నిసార్లు చేతులు మారిందన్న లెక్క ఆ సందేశంతో పాటే ప్రయాణిస్తుంది.

ఏపీకే ఫైళ్లతో సమస్య ఏమిటంటే అవి తెలిసిన మనిషి ఖాతా నుంచే వస్తాయి. ఫైల్ ఇన్‌స్టాల్ కాగానే ఎస్ఎంఎస్‌లు చదివే అనుమతి అడుగుతుంది, ఆపై ఓటీపీలు దొంగ చేతికి పోతాయి. తర్వాత అదే ఫైల్ బాధితుడి పేరుతో అన్ని గ్రూపులకూ వెళ్తుంది. రోజుకు పదిపదిహేను మెసేజ్‌లు పెట్టే మనిషి మూడు నిమిషాల్లో 30 గ్రూపులకు ఒకే ఫైల్ పంపడం గట్టి ఆనవాలే. కానీ ఆ ఖాతాను యంత్రం ఆపేలోపు ఫైల్ వందల ఫోన్లకు చేరిపోయి ఉంటుంది. ఇక్కడ యంత్రం కంటే గ్రూప్ అడ్మిన్ చేతివేగం ఎక్కువ పనికొస్తుంది. ఫైల్‌ను 'అందరికీ డిలీట్' చేయడం, పంపిన ఖాతాను తాత్కాలికంగా తీసేయడం, ఆ మనిషికి నేరుగా ఫోన్ చేసి చెప్పడం వెంటవెంటనే జరగాలి.

## ఉత్తర తెలంగాణలో యంత్రం తడబడే చోట్లు

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ జిల్లాల నుంచి గల్ఫ్‌కు వెళ్లినవాళ్ల ఖాతాలు యంత్రానికి పెద్ద పరీక్ష. నిన్నటిదాకా కోరుట్లలో తెరిచిన ఖాతా ఇవాళ దుబాయ్‌లో, కొత్త ఫోన్‌లో, కొత్త సిమ్‌తో తెరుచుకుంటుంది. ఖాతా దొంగిలించినప్పుడు కనిపించే గుర్తులు కూడా ఇవే. రెండు లాగిన్‌ల మధ్య దూరాన్ని సమయంతో భాగించి, విమానానికి కూడా సాధ్యం కాని వేగం వస్తే తప్ప అనుమానించకూడదన్నది మామూలుగా పాటించే సూత్రం. యూఏఈలో వాట్సాప్ కాల్స్‌పై ఆంక్షలు ఉండటంతో కొందరు వీపీఎన్ (వేరే దేశం నుంచి ఇంటర్నెట్ వాడుతున్నట్టు చూపే యాప్) పెట్టుకుంటారు. అది ఆన్ చేసినప్పుడల్లా ఖాతా పది నిమిషాల తేడాలో దుబాయ్ నుంచి ఇంకేదో దేశానికి దూకినట్టు కనిపిస్తుంది. అప్పుడు ఆ సూత్రం కూడా తప్పు చెబుతుంది. ఊళ్లో వదిలేసిన పాత సిమ్‌కు ఓటీపీ వెళ్లడం ఆ మీది కష్టం.

ఐపీ అడ్రస్ (ఇంటర్నెట్ కనెక్షన్‌ను గుర్తించే నంబర్) ఒకటే అయినంత మాత్రాన గుంపు అనుకోవడం ఇంకో పొరపాటు. మొబైల్ కంపెనీలు ఒకే అడ్రస్‌ను ఎంతోమంది కస్టమర్లకు పంచుతాయి. వరంగల్ నిట్ హాస్టళ్లలో, కాకతీయ యూనివర్సిటీలో, హనుమకొండ కోచింగ్ సెంటర్ల చుట్టూ ఉన్న అద్దె గదుల్లో ఒకే వైఫై వెనుక పదుల మంది ఉంటారు. పరీక్ష ఫలితాలు వచ్చిన గంటలో అందరూ ఒకే లింకు పెడతారు. మేడారం జాతర రోజుల్లో లక్షల మంది అడవి మధ్య కొన్ని టవర్ల కింద చేరి ఒకే రకం ఫొటోలు పెడతారు. 2023 జులై 27న మోరంచపల్లిని వరద ముంచెత్తినప్పుడు ఒకే వీడియో, ఒకే సాయం కోరే మెసేజ్ వేల చేతులు మారింది. వేగం, పోలిక మాత్రమే చూసే యంత్రానికి ఇవన్నీ దాడుల్లాగే కనిపిస్తాయి.

ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి, పత్తి ధరలను రోజూ పొద్దున్నే వందలాది రైతులకు ఒకే మెసేజ్‌గా పంపే కమీషన్ వ్యాపారి, సింగరేణిలో నైట్ షిఫ్ట్ దిగి తెల్లవారుజామున ఫోన్ పట్టుకునే కార్మికుడు కూడా ఇదే కోవలోకి వస్తారు. వ్యాపారిని స్పామ్ పంపేవాడి నుంచి వేరు చేసేది బదులు. రైతులు తిరిగి అడుగుతారు, ఫోన్ నంబర్ సేవ్ చేసుకుని ఉంటారు, బ్లాక్ చేయరు. ఎన్ని పంపారన్న లెక్క పక్కన ఎన్ని బదులొచ్చాయన్న లెక్క పెట్టకపోతే ఏ పద్ధతైనా ఇలాంటివాళ్లకే దెబ్బ కొడుతుంది.

## నూటికి 99 ఎందుకు చాలదు

లక్ష ఖాతాల్లో 1,000 దొంగవి అనుకుందాం. వాటిలో 99 శాతాన్ని పట్టే యంత్రం ఉంది, మంచి ఖాతాల్లో 2 శాతాన్ని మాత్రమే తప్పుగా అనుమానిస్తుంది. వినడానికి బాగానే ఉంది. లెక్క వేస్తే దొరికిన దొంగలు 990, అనుమానం పడిన అమాయకులు 1,980. యంత్రం వేలెత్తి చూపిన ప్రతి ముగ్గురిలో ఇద్దరు ఏ తప్పూ చేయనివాళ్లే. దొంగలు తక్కువగా, మంచివాళ్లు ఎక్కువగా ఉన్న ఏ చోటైనా ఈ చిక్కు తప్పదు.

అందుకే అనుమానం రాగానే ఖాతా మూసేయరు, మూసేయకూడదు కూడా. మొదట రిక్వెస్టుల వేగం తగ్గిస్తారు, తర్వాత బొమ్మల పజిల్, ఆపై ఫోన్ నంబర్ ధ్రువీకరణ, చివరికి లాక్. ఒక్కో మెట్టు దగ్గరా మంచివాళ్లు దాటుకుని పోతారు, సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఖాతాలు రాలిపోతాయి. ఇంకో కారణం కూడా ఉంది. గంటకు 21వ రిక్వెస్ట్ దగ్గర వెంటనే ఆపేస్తే మోసగాడు రేపటి నుంచి 20 దగ్గరే ఆగుతాడు. గీత ఎక్కడుందో తెలియకుండా, దొరికిన ఖాతాలను కొంత ఆగి గుత్తగా తీసేయడం ఆ తెలివికి విరుగుడు.

తెలుగు విషయంలో యంత్రం మరీ బలహీనం. ఇక్కడి యువత తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తుంది. ఒకే మాటకు నాలుగైదు స్పెల్లింగులు, మధ్యలో తెలంగాణ యాస, కొంత హిందీ. పదాల జాబితాతో వడకట్టే పద్ధతి ఇక్కడ నిలవదు. ప్రవర్తనకు భాషతో పని లేదు కాబట్టి తెలుగువాళ్లకు అదే ఎక్కువ రక్షణ. మనిషికి మాత్రం భాషే మంచి ఆధారం. బాల్యమిత్రుడు 'ఎట్లున్నవ్‌రా' అనకుండా 'హాయ్, మీరు ఎలా ఉన్నారు' అంటే, మేనబావ 'బావా' అనకుండా 'ఫ్రెండ్' అంటే ఆ ఖాతా వెనుక ఉన్నది వేరే మనిషి. డబ్బుల మాట రాకముందే ఫోన్ చేసి గొంతు వినాలి.

## కాపీ ఖాతా కనిపించినా, సొంత ఖాతా లాక్ అయినా

ఫేస్‌బుక్‌లో ఫ్రెండ్స్ జాబితాను 'ఓన్లీ మీ'కి మార్చుకుంటే కాపీ ఖాతాకు ముడిసరుకు దొరకదు. వాట్సాప్‌లో టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టి 6 అంకెల పిన్ పెట్టుకోవాలి. ఫోన్‌లో ఎవరో చెప్పిన కోడ్ నొక్కాక కాల్స్ రావడం ఆగిపోతే, కాల్స్ వేరే నంబర్‌కు మళ్లించి ఉండొచ్చు. ##002# డయల్ చేస్తే మళ్లింపులన్నీ రద్దవుతాయి.

కాపీ ఖాతాను అసలు మనిషి చూడలేడు కాబట్టి స్నేహితులే రిపోర్ట్ చేయాలి. 'నకిలీ ప్రొఫైల్' కింద 'ఫ్రెండ్‌గా నటిస్తున్నారు' ఎంచుకుని అసలు ఖాతాను చూపించాలి. అసభ్యం, హింస లాంటి వర్గాల కింద వందమంది కొట్టినా అవి వేరే వరసలోకి పోతాయి, సరైన వర్గం కింద పదిమంది కొడితే పని త్వరగా అవుతుంది. రిపోర్ట్ చేసేముందు ఆ ప్రొఫైల్ లింకు కాపీ చేసి పెట్టుకోవాలి. ఖాతా పోయాక పేరుతో పోలీసులేం చేయలేరు, లింకులోని ఐడీయే ఆధారం. వాట్సాప్‌లో రిపోర్ట్ చేస్తే ఆ ఖాతా నుంచి వచ్చిన చివరి ఐదు మెసేజ్‌లు సంస్థకు వెళ్తాయి, కాబట్టి చాట్ తుడిచేయకముందే రిపోర్ట్ చేయాలి. అంతకంటే ముందు స్క్రీన్‌షాట్లు తీసిపెట్టుకోవాలి.

డబ్బులు పోతే ఆలస్యం లేకుండా 1930కి ఫోన్ చేయాలి, లేదా జాతీయ సైబర్ క్రైమ్ రిపోర్టింగ్ పోర్టల్‌లో నమోదు చేయాలి. యూపీఐ అయితే 12 అంకెల యూటీఆర్ నంబర్ (ఆ లావాదేవీ నంబర్) దగ్గర ఉంచుకోవాలి. డబ్బు ఇంకో ఖాతాకు జారకముందే ఆపగలిగేది ఆ నంబర్‌తోనే. ఇంకొకరి గుర్తింపు వాడుకోవడం ఐటీ చట్టం 66సీ, వేషం వేసి మోసం చేయడం 66డీ కిందికి వస్తాయి. రెండింటికీ మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా.

తప్పుగా లాక్ అయినవాళ్లు ముందుగా యాప్‌లోనే అప్పీల్ చేయాలి. గుర్తింపు కార్డు మీది పేరు ఖాతాలోని పేరుతో కలవకపోతే అక్కడే ఆగిపోతుంది. ఇంటిపేరు ఒకచోట పొడిగా, ఇంకోచోట పూర్తిగా ఉండటం మనవైపు మామూలు, గల్ఫ్ వెళ్లేవాళ్లు పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే ఖాతాలోనూ పెట్టుకుంటే మేలు. వెళ్లేముందే ఖాతాకు ఈమెయిల్, ఆథెంటికేటర్ యాప్ (ఫోన్‌లోనే లాగిన్ కోడ్ ఇచ్చేది) జోడించుకుంటే ఊళ్లోని సిమ్‌కు వచ్చే ఓటీపీ మీద ఆధారపడాల్సిన పని ఉండదు. అప్పీల్ తేలకపోతే సంస్థ గ్రీవెన్స్ అధికారికి రాయాలి. ఆ జవాబూ సరిగా లేకపోతే 2023 జనవరిలో కేంద్రం ఏర్పాటు చేసిన గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీకి 30 రోజుల్లోగా ఆన్‌లైన్‌లోనే అప్పీల్ పెట్టుకోవచ్చు.